నేరేడు గింజల పొడి, నేను ఆపేసిన మాత్రలు

నేను జీవశాస్త్రం టీచర్ని. ఇరవై రెండేళ్ళుగా పెనుకొండలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. కాపురం హిందూపురంలో, పుట్టిల్లు ధర్మవరంలో. మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయి కాబట్టి నా బతుకంతా ఆ దారిలోనే అటూ ఇటూ తిరుగుతూ గడిచింది. రెండేళ్ళ కిందట నాకు షుగర్ వచ్చింది. అది పెద్ద విశేషం కాదు, మా స్టాఫ్ రూములోనే నలుగురికి ఉంది. ఆ తర్వాత నేను చేసిన పని గురించి రాస్తున్నాను. ఇప్పుడు బాగున్నానని ముందే చెప్పేస్తే చదివేవాళ్ళు స్థిమితంగా చదువుతారు. వంటింటి అరలో ఏదో ఒక పొడి డబ్బా పెట్టుకుని, డాక్టరుకు చెప్పాలా వద్దా అని తటపటాయిస్తున్నవాళ్ళు మాత్రం కొంచెం జాగ్రత్తగా చదవండి.

ఆ ఏడాది ఫిబ్రవరిలో మొదలైంది. ఎండలు ఇంకా ముదరలేదు, నాకు మాత్రం దాహం ఆగేది కాదు. స్కూలుకు తీసుకెళ్ళిన రెండు నీళ్ళ సీసాలూ రెండో పీరియడ్ అయ్యేసరికి ఖాళీ. హిందూపురం బస్సు ఎక్కాలంటే భయం, మధ్యలో దిగాల్సి వస్తుందేమోనని. జాకెట్లు వదులయ్యాయి. లెక్కల టీచర్ రజియా ఒకరోజు నన్ను ఎగాదిగా చూసి, "సన్నబడినావు కదా మేడమ్, ఏం తింటాండావు, మాకూ చెప్పు" అంది. నేను మురిసిపోయాను. పది రోజుల తర్వాత మా ఆయన శ్రీనివాసులు బలవంతం మీద హిందూపురంలో రక్తపరీక్ష చేయించుకున్నాను.

డాక్టరు గది బయట స్టీలు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకున్న ఫైళ్ళున్నాయి. నా చేతిలో ఒక్క కాగితమే ఉంది. పక్కన కూర్చున్న పెద్దాయన నా కాగితం వైపు చూసి, "కొత్తదా అమ్మా?" అని అడిగాడు, కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషిని పలకరించినట్టు. తల ఊపాను. నాకు మా నాయన గుర్తొచ్చాడు.

నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. ఆయనకు షుగర్ వచ్చి పదేళ్ళకు చూపు మందగించింది. జరీ పోగు ఏదో, పట్టు పోగు ఏదో వేళ్ళతో తడిమి చెప్పేవాడు. చివర్లో ఇన్సులిన్ సూది మొదలుపెట్టారు. ఆరునెలలకు పోయాడు. ఇంట్లో అందరికీ ఒకటే లెక్క మిగిలింది: ముందు మాత్రలు, తర్వాత సూది, ఆ తర్వాత చావు. జీవశాస్త్రం చదివిన నాకు ఆ లెక్క తప్పని తెలుసు. అయినా నా మాత్రల చీటీ చేతికొచ్చిన రోజు నా మనసులో ఉన్నది ఆ లెక్కే.

మూడు నెలలు బుద్ధిగానే ఉన్నాను. మాత్రలు వేసుకున్నాను. పొద్దున్నే నడిచాను. అన్నం సగానికి తగ్గించాను. జూన్‌లో బడులు తెరిచేసరికి పెనుకొండ బస్టాండు దగ్గర గంపల్లో నేరేడు పండ్లు వచ్చాయి.

తొమ్మిదో తరగతికి నేను ప్రతి ఏడూ చేసి చూపించే ప్రయోగం ఒకటుంది. వంకాయను రెండుగా కోసి ఒక ముక్కకు నిమ్మరసం పూస్తాను. పీరియడ్ అయ్యేసరికి పూయని ముక్క నల్లబడుతుంది, పూసింది తెల్లగానే ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ చేసే పాడును నిమ్మరసం అడ్డుకుంటుందని, అలా అడ్డుకునే పదార్థాలను యాంటీఆక్సిడెంట్లంటారని చెబుతాను. మన ఒంట్లోనూ అలాంటి పాడు జరుగుతూ ఉంటుందని, ముదురు రంగు పండ్లలో ఈ అడ్డుకునే పదార్థాలు ఎక్కువని, నేరేడుకు ఆ ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్లు అలాంటివేనని చెబుతాను. పిల్లలు నాలుకలు బయటపెట్టి రంగు చూపించి నవ్వుతారు.

ఆ ఏడాది పాఠం చెబుతున్నప్పుడు నాకు నేనే పాఠం చెప్పుకున్నట్టు అనిపించింది. ఇంటికొచ్చి ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. నేరేడు గుజ్జు కంటే గింజలో ఇంకా ఎక్కువ పదార్థాలున్నాయట. గాలిక్ ఆమ్లం, ఎలాజిక్ ఆమ్లం, టానిన్లు. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో చక్కెర తగ్గిందట. చదివిన ప్రతిచోటా "తగ్గించే అవకాశం ఉంది", "ఇంకా పరిశోధన జరగాలి" అని స్పష్టంగానే రాసి ఉంది. నేను ఆ వాక్యాలను "తగ్గిస్తుంది" అని చదువుకున్నాను. పరీక్ష పేపర్లలో పిల్లలు ఇలా చదివి జవాబు రాస్తే మార్కులు కోస్తాను.

రోజూ రెండు కిలోల పండ్లు కొన్నాను. గుజ్జు తిని, గింజలు కడిగి, మిద్దె మీద నీడలో ఆరబెట్టాను. పై పొట్టు పగిలి లోపలి ఆకుపచ్చ పప్పు గట్టిపడ్డాక మిక్సీలో వేశాను. మిక్సీ గొడ్డలితో కట్టెలు కొట్టినట్టు అరిచింది. పొడి వగరుగా, చేదుగా ఉంది. మందు చేదుగా ఉండాలి కదా, అది కూడా నాకు నచ్చింది. పొద్దున్నే చెంచాడు పొడి, గ్లాసుడు నీళ్ళు.

మా ఆయనకు ఊరి బయట ఎకరంన్నర మల్బరీ తోట ఉంది. పట్టుపురుగులు పెంచుతాడు. ఆకు కోసం కోసే చెట్లకు కాయలు పెద్దగా నిలవవు గానీ, గట్టు మీద వదిలేసిన పాత చెట్లకు నల్లటి కాయలు కాస్తాయి. మా వైపు కన్నడం మాట్లాడేవాళ్ళు మల్బరీని హిప్పునేరళె అంటారు. పేరులోనే నేరేడుంది. నేను వాటిని కూడా వదల్లేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని గట్టు మీద కాయలు కోసుకుంటుంటే ఆయన చూసి నవ్వాడు.

"పురుగులు ఆకు తిని పట్టు ఇస్తాండాయి. నువ్వు కాయలు తిని ఏమిస్తావో చూస్తా."

ఆగస్టులో మళ్ళీ పరీక్ష చేయించుకుంటే షుగర్ బాగా తగ్గింది. డాక్టరు మెచ్చుకున్నాడు. మాత్రలు వేసుకున్నాను, నడిచాను, అన్నం తగ్గించాను, పొడి తిన్నాను. నాలుగు పనులు చేసి, ఘనత మొత్తం నాలుగోదానికే కట్టబెట్టాను. ఒక్కసారి ఒక్క మార్పే చేసి చూడాలని, లేకపోతే ఫలితం దేనివల్లో చెప్పలేమని ప్రయోగశాలలో పిల్లలకు నూరిపోసే మనిషిని నేను. నా ఒంటి మీద చేసిన ప్రయోగంలో ఆ నియమం గుర్తే రాలేదు.

వినాయక చవితి వెళ్ళిన మర్నాడు మాత్రలు మానేశాను.

ఇంట్లో చెప్పలేదు. నెలకోసారి మా ఆయన మాత్రలు తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టేవాడు. నేను రోజూ ఒకటి చింపి, చెత్తబుట్టలో కాగితాల కింద పారేసేదాన్ని. ఆయన అట్ట వైపు చూసి, లెక్క సరిగ్గా ఉందని తృప్తిపడేవాడు. ఇది రాయడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

అంతటితో ఆగినా బాగుండేది. మిగిలిన పొడిని చిన్న చిన్న కవర్లలో పోసి, షుగర్ ఉందని తెలిసిన పదకొండుమందికి ఇచ్చాను. అందరికంటే ముందు ఇచ్చింది మా అన్న నాగరాజుకు. నాయన మగ్గం మీద ఇప్పుడు నేసేది అన్నే. నాయన జబ్బే వాడికీ వచ్చింది. ధర్మవరం వెళ్ళినప్పుడు మగ్గం గుంట పక్కన చాప మీద కూర్చుని వాడికి అంతా వివరించాను. వాడు నేత ఆపకుండానే విన్నాడు.

"అయితే మాత్రలు వద్దంటావా?" అని అడిగాడు.

"నేను మానేసినానన్నా. చూడు ఎట్లుండానో."

వాడు పెద్దగా చదువుకోలేదు. నేను చదవాలని ఏడో తరగతిలో బడి మానేసి మగ్గం ఎక్కాడు. అందుకే నేను ఏది చెప్పినా ఎదురు ప్రశ్న వేయడు.

అక్టోబర్‌లో అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది. కళ్ళద్దాలు మార్చాలేమో అనుకున్నాను. నవంబర్‌లో అరికాళ్ళు తిమ్మిరెక్కాయి. మూత్రానికి వెళితే మంట. మళ్ళీ దాహం. ఈ లక్షణాలన్నీ ఏమిటో నాకు తెలుసు, తెలియదని అబద్ధం చెప్పలేను. తెలిసీ నేను చేసింది ఏమిటంటే, పొడి ఒక చెంచా నుంచి రెండు చెంచాలకు పెంచాను.

డిసెంబర్ రెండో వారంలో ఒక రోజు, జ్వరంతోనే స్కూలుకు వెళ్ళాను. తొమ్మిదో తరగతిలో హాజరు పిలుస్తూ పుస్తకంలో గీతల మీద గీతలు కదులుతుంటే పేర్లు గుర్తున్న వరుసలో పిలిచాను. "టీచర్, నా పేరు రెండుసార్లు పిలిచినారు" అని ఒక అమ్మాయి లేచి నిలబడటం గుర్తుంది. బల్ల అంచు పట్టుకున్నాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది రజియా ఒడి, ఆటో కుదుపులు, ఆమె నా చెంపల మీద కొడుతూ "మేడమ్, కండ్లు తెరువు. నిద్రపోవద్దు. నాతో మాట్లాడు" అని అరవడం.

పెనుకొండ ఆసుపత్రిలో నర్సు వేలు గుచ్చి చూస్తే మీటరులో అంకె రాలేదు. 'హై' అని మాత్రం వచ్చింది. చూపించగలిగినంత దాటిపోయిందన్నమాట. సెలైన్ పెట్టి, వెంటనే హిందూపురం తీసుకెళ్ళమన్నారు. దారి పొడవునా రజియా నా చెయ్యి వదల్లేదు. ఆమె పెద్దకూతురికి మరునాడు పెళ్ళిచూపులని నాకు తర్వాత తెలిసింది.

హిందూపురంలో మేము వెళ్ళిన ఆసుపత్రిలో డాక్టరు ముప్పై దాటిన అమ్మాయి. మంచం పక్కన నిలబడి మొదట అడిగిన ప్రశ్న, "మాత్రలు సరిగ్గా వేసుకుంటాండారా మేడమ్?"

మంచానికి అవతల మా ఆయన ఉన్నాడు. ఆయన ముఖం చూసి, "వేసుకుంటున్నాను" అన్నాను.

ఆమె రాసుకుంది. మాత్రలు వేసుకుంటూ కూడా ఇంత పెరిగితే ఇంకేదో కారణం ఉండాలని, మరిన్ని పరీక్షలు రాసింది. నా అబద్ధం చుట్టూ రక్తం తీసేవాళ్ళు, స్కాన్ తీసేవాళ్ళు రెండు రోజులు తిరిగారు. ఒంట్లో నీరంతా ఇంకిపోయింది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ పైకి పాకింది, గంట గంటకూ వేలు గుచ్చుతున్నారు, చేతికి ఇన్సులిన్ పంపు పెట్టారు. నాయన లెక్కలో రెండో మెట్టు ఎక్కేశాననుకుని కళ్ళు మూసుకున్నాను.

పక్క మంచంలో మడకశిర వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉండేది. సగం కన్నడం, సగం తెలుగు. మూడో రోజు పొద్దున ఆమె తన కొబ్బరినూనె సీసా, దువ్వెన పట్టుకుని నా మంచం మీదికి వచ్చి కూర్చుంది. "తల ఇట్ల పెట్టుకుంటే రోగం పోతాదా? తిరుగు" అని మూడు రోజుల చిక్కు తీసి జడ వేసింది. ఒక్క ప్రశ్న అడగలేదు. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆ మధ్యాహ్నమే అన్న వచ్చాడు. ధర్మవరం నుంచి రైల్లో వచ్చాడట, చేతిలో దానిమ్మకాయల సంచి. వార్డు తలుపు దగ్గర నుంచి నా మంచం దాకా నడిచి వస్తుంటే చూశాను. కుడికాలు ఈడుస్తున్నాడు. పాదానికి పాత పంచె గుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టుకున్నాడు.

"ఏమయిందన్నా కాలికి?"

"ఏం లేదులే. మగ్గం తొక్కే కర్రకు మేకు లేచింది, గీసుకునింది. నొప్పే లేదు. నువ్వెట్లుండావు చెప్పు."

"ఎన్నాళ్ళయింది?"

"ఇరవై దినాలు అయింటాది."

ఇరవై రోజులుగా మానని పుండు, నొప్పే లేదు.

"అన్నా, మాత్రలు వేసుకుంటాండావా?"

వాడు నా వైపు వింతగా చూశాడు. "నువ్వే కదమ్మా వద్దంటివి. మూడు నెల్లాయ ఆపేసి. పొడి మాత్రం ఒక్క దినం గూడా తప్పలే."

నేను సిస్టర్‌ను పిలిచాను. పిలవలేదు, అరిచాను. వార్డంతా మా వైపు తిరిగింది. డాక్టరమ్మ పరుగున వచ్చింది. నన్ను చూడబోతే, "నన్ను కాదు డాక్టర్, మా అన్న కాలు చూడండి" అన్నాను. ఆమె అక్కడే నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ విప్పింది. వాసన వచ్చింది. చిటికెన వేలూ దాని పక్క వేలూ నల్లబడి ఉన్నాయి.

అప్పుడు అందరి ముందూ చెప్పాను. సెప్టెంబర్ నుంచి నేను మాత్రలు వేసుకోలేదని, అబద్ధం చెప్పానని, అన్న చేత కూడా నేనే మానిపించానని. మా ఆయన గోడకు ఆనుకుని వింటున్నాడు. ఆమె పాదం మీది నుంచి తలెత్తకుండానే, "ఇప్పుడన్నా చెప్పినారు. సంతోషం. ఈయన్ను ఇప్పుడే చేర్చుకోవల్ల" అంది.

రెండు రోజుల తర్వాత అన్న రెండు వేళ్ళూ తీసేశారు. ఆలస్యమయ్యుంటే పాదం పోయేదట. ఆపరేషన్ జరుగుతున్నప్పుడు నన్ను చక్రాల కుర్చీలో బయట వరండాలో కూర్చోబెట్టారు. వదిన సరోజ ఎదురుగా బెంచీ మీద ఉంది. ఒక్క బెంచీ దూరం.

"వదినా" అన్నాను.

"ఏం చెప్పొద్దు. ఆ మనిషి కాళ్ళతో బతుకుతాండాడు. నీ చదువు కోసం బడి మాన్పించినారు ఆ మనిషిని. ఆ చదువుతోనే కాలు తీస్తివి." గొంతు పెంచకుండా చెప్పింది. "ఇంగ నీ చదువు మా ఇంటికి తేవద్దు."

ఆమె అన్నది నిజమే.

మా ఆయన నన్ను తిట్టలేదు. ఇంటికొచ్చిన మొదటి రోజు నాకు గంజి కాచి ఇచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "దినామూ ఆ అట్ట చూసి సంతోషపడతాంటి. నాతో ఒక్క మాట చెప్పింటే కొట్లాడుకుందుము కదా. కొట్లాడే మొగుణ్ణి గూడా కాకుండా చేసినావు" అన్నాడు. పది రోజులు ముభావంగా ఉన్నాడు. పదకొండో రోజు నా ఇన్సులిన్ సూది వేసే పద్ధతి నేర్చుకుంటానని తనే వచ్చాడు. మొదటిసారి పొడిచాక, నొప్పి పుట్టిందా అని నన్ను మూడుసార్లు అడిగాడు.

సూది గురించి నాకున్న భయాన్ని డాక్టరమ్మతో జనవరిలో చెప్పాను. నాయన సంగతంతా విని, "మీ నాయన సూది వల్ల పోలేదు మేడమ్. సూది చానా ఆలస్యంగా పడినందుకు పోయింటాడు" అంది. ఇంత చిన్న విషయం. ఇరవై ఏళ్ళు మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

నేను ధైర్యం చేసి పొడి డబ్బా కూడా తీసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టాను. ఎగతాళి చేస్తుందనుకున్నాను. ఆమె మూత తీసి వాసన చూసింది. "మా అవ్వ గూడా చేస్తాండె" అని నవ్వింది. తర్వాత వివరంగా చెప్పింది. నేరేడులో, మల్బరీలో, వాటి గింజల్లో మంచి పదార్థాలున్నమాట నిజమే. అయితే గాజు గొట్టంలో జరిగింది ఒంట్లోనూ జరగాలంటే మధ్యలో కడుపుంది, పేగులున్నాయి, కాలేయముంది. ఎంత తిన్నాం, ఎంత రక్తంలోకి చేరింది, అక్కడ ఎంతసేపు నిలిచింది, ఎవరికీ ఖాయంగా తెలియదు. ఒక్కో చెట్టు కాయ ఒక్కో తీరు. మాత్రతో పాటు పొడి కూడా తింటే కొందరికి చక్కెర మరీ పడిపోవచ్చు కూడా, అందుకే ఏం తింటున్నా చెప్పాలి. "పండు తినండి మేడమ్, ఒక గుప్పెడు. పండుగా తినండి. మందుగా తినొద్దు" అంది.

ఆమె చెప్పినదాంట్లో నాకు తెలియని సంగతి ఒక్కటీ లేదు. వంకాయ ముక్కకు కడుపు లేదు, కాలేయం లేదు. నిమ్మరసం పూస్తే పూసినచోటే ఉంటుంది. ఆ తేడాను నేను తరగతిలో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, వంకాయ చూపించిన వెంటనే.

ఆరు నెలలకు సూది ఆపి నన్ను మళ్ళీ మాత్రల మీదికి మార్చారు. చూపు నెమ్మదిగా తేటపడింది. అరికాళ్ళ తిమ్మిరి కొంచెం మిగిలింది, అది ఉంటుందట. రోజూ పడుకోబోయే ముందు అద్దం నేల మీద పెట్టి పాదాల అడుగు చూసుకుంటాను. అన్న మార్చిలో మగ్గం ఎక్కాడు. మూడు వేళ్ళతో తొక్కడానికి వీలుగా కర్రకు మెత్తటి గుడ్డ చుట్టించుకున్నాడు, ఇప్పుడు మగ్గంలో కూడా చెప్పులేసుకునే కూర్చుంటాడు. నామీద కోపం ఎందుకు లేదని అడిగితే, "నువ్వూ తింటివి కదా అదే పొడి. నాకు పెట్టి నువ్వు తినకుండా ఉండింటే కోపమొచ్చును" అన్నాడు.

వదిన మాత్రం మాట్లాడలేదు. నాలుగు నెలలు. ఏప్రిల్‌లో ఒకరోజు ఫోన్ మోగితే తెర మీద ఆమె పేరు. చెయ్యి తుడుచుకుని ఎత్తాను. పలకరింపు లేదు, ఏమీ లేదు. "పక్కింటామె కాకరకాయ రసం తాగితే మంచిదంటాంది. మీయన్నకు ఇయ్యొచ్చునా, ఇయ్యగూడదా?" అని అడిగింది.

"డాక్టరును అడిగి చెప్తా వదినా. అంతవరకూ మాత్రలు మాత్రం ఆపొద్దు."

"అవి నేను నా చేత్తో వేస్తాండాలే" అని పెట్టేసింది. వెంటనే డాక్టరమ్మ నంబరు నొక్కాను.

ఇంకో పని మిగిలింది. పొడి ఇచ్చిన పదకొండుమందిలో అన్న కాక ఇంకా పదిమంది. ఆసుపత్రిలో ఉండగానే ఫోన్ ఉన్నవాళ్ళందరికీ ఫోన్లు చేసి మాత్రలు ఆపొద్దని చెప్పాను. కానీ ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే సరిపోదనిపించింది. నడవగలిగిన రోజు నుంచీ ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళాను. హిందూపురంలో నలుగురు, పెనుకొండలో ముగ్గురు, ధర్మవరంలో ఇద్దరు. తప్పు చెప్పానని, మాత్రలు మానేసి ఉంటే వెంటనే మొదలుపెట్టమని, ఒకసారి పరీక్ష చేయించుకోమని. ఇద్దరు మానేసి ఉన్నారు, వాళ్ళను వెంటబెట్టుకుని పరీక్షకు తీసుకెళ్ళాను. ఒకాయన తలుపు దగ్గరే నిలబెట్టి, "టీచర్లు గూడా ఇట్ల చెప్తే మేమెవురి మాట ఇనాల?" అని అడిగాడు. మిగిలినవాళ్ళు పొడి రెండు రోజులు తిని, చేదుకు తట్టుకోలేక పారేశారు. నా జీవితంలో అంత సంతోషం కలిగించిన నిర్లక్ష్యం ఇంకొకటి లేదు.

పదో మనిషి ఓబుళమ్మవ్వ. పెనుకొండ బస్టాండు దగ్గర కాలాన్నిబట్టి నేరేడు, సీతాఫలం, రేగిపండ్లు గంపలో పెట్టి అమ్మేది. ఆమెకు ఫోన్ లేదు. డిసెంబర్ తర్వాత బస్టాండులో కనిపించడం మానేసింది. పక్కన పూలమ్మే ఆమెను అడిగితే, ఊర్లోనే ఉంటాదేమో, ఎందుకు రాలేదో తెలియదంది. డెబ్బై దాటిన మనిషి. రోజులు గడిచేకొద్దీ నాకు రకరకాల ఆలోచనలు వచ్చాయి. వేసవి సెలవుల మొదటి రోజునే మా ఆయన బండి మీద ఆమె ఊరికి బయల్దేరాను. మెట్ట పొలాల మధ్య పది పన్నెండు కిలోమీటర్లు.

ఇల్లు కనుక్కుని వాకిట్లోకి వెళ్ళేసరికి అవ్వ గొర్రెల దొడ్డిలో ఉంది. పిల్లల్ని పెట్టిన గొర్రెలను వదిలిపెట్టి రావడానికి వీల్లేక బస్టాండుకు రాలేదట. చెంగు దులుపుకుంటూ వచ్చింది. నిటారుగానే నడిచింది. ముందు ఆమె పాదాలు చూశాను. పగుళ్ళున్నాయి గానీ పుండ్లు లేవు.

"ఏమిటికొచ్చినావు టీచరమ్మా ఇంత దూరం, ఈ ఎండలో?"

"అవ్వా, నేనిచ్చిన పొడి ఏం చేసినావు?"

"వాడుకుంటాండా కదమ్మా, దినామూ."

"మళ్ళ షుగర్ మాత్రలు? ఆపేసినావా?"

"యాడ ఆపనిస్తాది ఆ నర్సమ్మ? నెలనెలా ఇంటికొచ్చి అట్ట లెక్కపెట్టి పోతాది. ఒక్కటి మిగిలినా ఊరంతా ఇనిపించేటట్ల అరుస్తాది."

నేను అరుగు మీద కూర్చున్నాను. అవ్వ లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు, రెండో చేతిలో నేనిచ్చిన కవరు తెచ్చింది. అడుగున కొంచెమే మిగిలింది. రోజూ తింటే, మాత్రలూ వేసుకుంటే, చక్కెర పడిపోయి కళ్ళు తిరగలేదా అని అడిగాను.

"తినేదేంది?" అంది అవ్వ. వేలు పొడిలో అద్ది, చిగుళ్ళ మీద ఈ చివర నుంచి ఆ చివరకు రుద్ది చూపించింది. "పండ్ల పొడి అని కదమ్మా నువ్వు నా చేతిలో పెట్టింది. పండ్లు తోముకుంటాండా. రవ్వంత వగరు గానీ, చూడు, ఒక్క పన్ను కదల్లేదు."

మా ఆయన బండి దగ్గర నుంచే నవ్వడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి రోజుల తర్వాత ఆయన అలా నవ్వడం అదే మొదటిసారి. నాకు నవ్వూ కన్నీళ్ళూ కలిసి వచ్చేశాయి. అవ్వకు మేమెందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు. కవరు మూతి జాగ్రత్తగా మడిచి, రబ్బరు వేసి, "ఇంగ పదిహేను దినాలకొస్తాది అంతే" అంది. "కాయలు దిగినాక నేనే నీకు పండ్లు తెచ్చిస్తా. ఇంగొంచెం కొట్టిపెట్టమ్మా."

కొట్టిపెడతానని చెప్పాను.